ఫస్టియర్‌లో ‘సి’ భయమా? ఒక పెన్ను, ఒక కాగితం చాలు!

బీటెక్‌లో చేరగానే మ్యాథ్స్, ఫిజిక్స్ ఇంటర్ నుంచి తెలిసిన ముఖాలే. చాలామందికి పూర్తిగా కొత్తది ప్రోగ్రామింగ్ ఒక్కటే. పక్కవాడు టకటకా టైప్ చేసేస్తుంటాడు, మన స్క్రీన్ నిండా ఎర్రర్లు. అంతే.. ‘కోడింగ్ మన వల్ల కాదు’ అని మొదటి సెమిస్టర్‌లోనే ఫిక్సయిపోతారు. ల్యాబ్ రికార్డులోని ప్రోగ్రాములు బట్టీ కొట్టి గట్టెక్కేస్తారు. ఫైనలియర్‌లో ప్లేస్‌మెంట్ల టైమ్‌కి అదే ‘సి’ మళ్లీ గుమ్మంలో నిలబడుతుంది. దాని సంగతేంటో ఇప్పుడే చూసేద్దామా?

పాతదే.. కానీ పాతబడలేదు

ఏఐసీటీఈ 2018 మోడల్ సిలబస్‌లో ఈ కోర్సు పేరు ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’. వారానికి 3 గంటలు క్లాసు, 4 గంటలు ల్యాబ్. అంటే వినడం కన్నా చేయడమే ఎక్కువన్నమాట. ‘ఇంకా సి ఏంటి బాస్?’ అంటారా? 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారుచేసిన భాషే. కానీ మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపలున్న లినక్స్ కెర్నల్‌లో ఎక్కువ భాగం సి లో రాసిందే. అందరూ వాడే పైథాన్ ఇంటర్‌ప్రెటర్ కూడా అంతే. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 కోర్సులోనూ స్క్రాచ్ తర్వాత సి, ఆ తర్వాతే పైథాన్.

తెలుగు మీడియం నుంచి వచ్చామని జంకేవాళ్లకు ఒక మాట. 1989 నాటి సి ప్రమాణంలో కీవర్డులు మొత్తం 32. ఒక సినిమా పాటలో ఇంతకన్నా ఎక్కువ పదాలుంటాయి!

ఎంపీసీ వాళ్లకి తగిలే మొదటి షాక్

ఎక్స్ = ఎక్స్ + 1. రెండేళ్లు ఈక్వేషన్లు సాల్వ్ చేసిన బుర్ర దీన్ని ఒప్పుకోదు. ఎందుకంటే మ్యాథ్స్‌లో ఇది తప్పు. సి లో = అంటే ‘సమానం’ కాదు. కుడివైపు లెక్క కట్టి, వచ్చిన విలువని ఎడమవైపు డబ్బాలో పెట్టమని ఆర్డర్. ‘రెండూ సమానమా?’ అని అడగాలంటే == రాయాలి. ‘ఇఫ్’ కండిషన్‌లో ఎ == 5 బదులు ఎ = 5 అని రాస్తే, డబ్బాలో 5 పడుతుంది. సున్నా కానిదేదైనా సి కి నిజమే కాబట్టి, ఆ కండిషన్ ప్రతిసారీ పాసైపోతుంది.

రెండో షాక్ భాగహారం. ఫారన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రాములో ముందు 5/9 అని రాసి, దాన్ని మిగతా దాంతో గుణించారనుకోండి. జ్వరం ఎంతున్నా జవాబు సున్నానే! రెండూ పూర్ణసంఖ్యలైతే దశాంశం తర్వాతది సి వదిలేస్తుంది, 5/9 కాస్తా 0 అవుతుంది. 5.0/9 అని రాసి చూడండి, 98.6కి బుద్ధిగా 37 వస్తుంది.

జవాబే లేని ప్రశ్న

‘ఐ++ + ++ఐ విలువెంత?’ అనే బిట్ మీకూ తగిలే ఉంటుంది. నిజానికి దీనికి ఒక్క సరైన జవాబంటూ లేదు. ఒకే ఎక్స్‌ప్రెషన్‌లో ఒకే వేరియబుల్‌ని ఇలా రెండుసార్లు మారిస్తే ఏం జరగాలో సి ప్రమాణం చెప్పదు. ఒక్కో కంపైలర్ ఒక్కోలా ఇవ్వొచ్చు. దీని మీద రాత్రంతా తల బాదుకోకండి.

ఇక నీలం స్క్రీన్ టర్బో సి సంగతి. అందులో ‘ఇంట్’ సైజు 2 బైట్లే, 32,767 దాటి పట్టదు. 20,000కి 20,000 కలిపితే మైనస్ 25,536 చూపిస్తుంది! ఇప్పటి కంపైలర్లలో ‘ఇంట్’ మామూలుగా 4 బైట్లు కాబట్టి 40,000 చక్కగా వస్తుంది. ఇంట్లో ప్రాక్టీసుకి జీసీసీ లాంటి ఉచిత కంపైలర్ పెట్టుకోండి.

కంప్యూటర్ మీరే అవ్వండి

అసలు చిట్కా ఇదే. ల్యాబ్‌లో అందరూ చేసే ‘అంకెల మొత్తం’ ప్రోగ్రాము తీసుకోండి. కాగితం మీద రెండు గళ్లు గీయండి, ఒకటి ఎన్‌కి, ఒకటి సమ్‌కి. ఎన్ 472, సమ్ 0. పదితో భాగిస్తే శేషం 2, సమ్ 2, ఎన్ 47. తర్వాత శేషం 7, సమ్ 9, ఎన్ 4. తర్వాత శేషం 4, సమ్ 13, ఎన్ 0. లూప్ ఆగింది. ఇదే ట్రేసింగ్.

ఇప్పుడు మొత్తం కాకుండా అంకెల లబ్ధం కావాలనుకోండి. కూడిక గుర్తు తీసి గుణకారం పెడితే చాలా? చాలదు. సమ్ 0 దగ్గరే మొదలైతే జవాబు ఎప్పుడూ 0. దాన్ని 1తో మొదలుపెట్టాలి. బట్టీ కొట్టినవాళ్లు ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. ట్రేస్ చేసినవాళ్లకి రెండో వరసలోనే దొరికిపోతుంది.

ఎర్రర్లు ఇరవై వచ్చినా కంగారొద్దు. మొదటిదాన్ని సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. ఒక్క సెమీకోలన్ మర్చిపోయినా కింద బోలెడు పుట్టుకొస్తాయి. పైగా ఎర్రర్ చూపించే లైన్ ఒక్కోసారి అసలు తప్పున్న లైన్‌కి కిందిది అవుతుంది. పైలైన్ కూడా చూడండి.

మరి చాట్‌జీపీటీ ఉందిగా?

ఉంది, క్షణాల్లో రాసిచ్చేస్తుంది. కానీ ఆఫీసులో నా టైమ్‌లో ఎక్కువ భాగం కొత్త కోడ్ రాయడానికి పోదు. ఉన్న కోడ్ చదివి, ఎక్కడ తేడా కొట్టిందో వెతకడానికే పోతుంది. ఏఐ రాసిన కోడ్‌లో తప్పు పట్టాలన్నా అదే నైపుణ్యం కావాలి. అందుకే దాన్ని ‘ప్రోగ్రాము రాసివ్వు’ అనకుండా ‘ఈ ఎర్రర్ అర్థమేంటి?’ అని అడగండి. క్లాసులో మిస్సయిన పాఠాలకి ఎన్‌పీటీఈఎల్‌లో ఉచిత వీడియోలున్నాయి.

రోజుకో ప్రోగ్రాము, అరగంట, ఒక కాగితం. ఈ రాత్రికి మీ పని: 472ని తిరగేసి 274గా మార్చే లూప్‌ని ముందు పెన్నుతో నడిపించండి. కీబోర్డు ఆ తర్వాతే!