పేర్లు పడేలోపే పుట్టే భయం

దెయ్యం సినిమాలో దెయ్యం ఎప్పుడో వస్తుంది. భయం మాత్రం మొదటి పది నిమిషాల్లోనే కూర్చుంటుంది. అది ఏ దిక్కు నుంచి వస్తుందో దర్శకుడు అప్పుడే చూపించేస్తాడు. మాటలతో చెప్పడు. జనం మనసులో అప్పటికే ఉన్న బెరుకునీ, ప్రార్థనల దృశ్యాలనీ వాడుకుంటాడు.

2004లో జాక్ స్నైడర్ తీసిన 'డాన్ ఆఫ్ ది డెడ్' చూడండి. ఇది జాంబీల (చచ్చి లేచి మనుషుల్ని కరిచే శవాల) కథ. తెల్లారేసరికి కాలనీ తగలబడుతుంటుంది. ఒక నర్సు కారులో పారిపోతుంది. వెంటనే పేర్లు మొదలు. వాటి మధ్యలో వందలమంది ముస్లింలు ఒక్కసారిగా నమాజులో వంగుతారు. ఆపైన అల్లర్లు. ఇది వైరస్సా అని విలేకరులు అడిగితే, తెలియదంటాడు అధికారి. వెనక జానీ క్యాష్ పాట. దాని వస్తువు బైబిల్ ప్రకటన గ్రంథంలోని ప్రళయం.

నమాజుకీ ఈ శవాలకీ కథలో ఏ సంబంధమూ లేదు. సంబంధం కలిపేది మాంటేజ్ (విడివిడి దృశ్యాలను వరసగా అతికించడం). ఒకే ముఖం పక్కన సూప్ గిన్నె చూపిస్తే ఆకలిగానూ, శవపేటిక చూపిస్తే దుఃఖంగానూ కనిపించిందని రష్యా దర్శకుడు కులెషోవ్ ప్రయోగం గురించి చెబుతారు. ముడి వేసేది చూసేవాడి మనసే. అమెరికా మీద 2001 దాడులు, 2003లో ఇరాక్ యుద్ధం, అదే ఏడు సార్స్ జ్వరం. అమెరికా ప్రేక్షకుడి మనసులో ఆ ముడికి దారం సిద్ధంగా ఉంది. అంతకుముందు ఇదే కథను 1978లో రొమెరో అనే దర్శకుడు తీసినప్పుడు సినిమా మొదలైంది టీవీ స్టూడియోలో, నిపుణుల అరుపుల మధ్య.

1973 నాటి 'ఎక్సార్సిస్ట్' ఇంకా లోతుకు వెళ్తుంది. మొదట్లోనే అజాన్ (నమాజుకు పిలుపు) వినిపిస్తుంది. ఇరాక్‌లో తవ్వకాలు జరుగుతుంటాయి. ఒక ముసలి పాద్రీ చేతికి మట్టిలోంచి చిన్న తల దొరుకుతుంది. అది పజుజు అనే భూతానిది. ఆ తర్వాతే కథ వాషింగ్టన్‌లోని ఒక ఇంటికి చేరుతుంది. అంటే కీడు దూరదేశం నుంచి వచ్చిందన్నమాట. నిజానికి ప్రాచీన మెసపొటేమియాలో పజుజు తల ఒక తాయెత్తు. బాలింతలనీ పసిబిడ్డలనీ లమష్టు అనే పీడ నుంచి కాపాడుతుందని కట్టుకునేవారు. ఒక తల్లి నమ్మకం ఇంకో దేశం తెర మీద సైతానైంది. సినిమా ఎంత గొప్పదైనా ఈ ఒక్క సంగతి నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

మన 'విరూపాక్ష' (2023) కీడును ఊళ్లోనే వెతికింది. కథ 1979లో, రుద్రవనంలో మొదలవుతుంది. పిల్లలు చనిపోతుంటారు. చేతబడి చేశారని ఒక జంటను ఊరి జనమే తగలబెడతారు. బాణామతి అనుమానంతో కొట్టి చంపిన వార్తలు చదివే మనకు ఆ మంట కట్టుకథ అనిపించదు. అక్కడ మనల్ని వణికించేది మంత్రం కాదు, పక్కింటివాళ్లు. అయితే తర్వాతి కథలో చేతబడి నిజంగానే ఉంటుంది. ఆ రోజు నిప్పు పెట్టినవాళ్ల అనుమానానికి అది తెలియకుండానే బలం ఇస్తుంది.