చెక్కకు కాస్త చోటివ్వండి

మా పెరటి గుమ్మానికీ తులసికోటకూ మధ్య దూరం పదడుగులకు మించదు. అయినా ఆ పదడుగులు దాటడం మా అత్తయ్యగారికి ఏడాదిపాటు సాధ్యపడలేదు. తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆమె వాకరు సాయంతో ఇల్లంతా మెల్లగా తిరగగలిగేవారు. కాని గుమ్మం దాటగానే ఉన్న రెండు మెట్లూ, వానాకాలంలో జారుడుగా మారే నల్లరేగడి నేలా ఆమెను లోపలే ఆపివేశాయి. సాయంత్రం నేను తులసి వద్ద దీపం పెడుతుంటే ఆమె గుమ్మంలో నిలబడి చేతులు జోడించేవారు. తనను అక్కడికి తీసుకువెళ్లమని ఒక్కనాడూ అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది.

ఆ రోజుల్లో నేను, ఇంటి పనులను ఎవరికి వారే చేసుకొనే విధానాన్ని వివరించే ఒక అమెరికన్ పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. అందులో ఒక అధ్యాయమంతా 'డెక్' గురించే. ఇంటి గడపతో సమానమైన ఎత్తులో, పెరటి వైపున ఆరుబయట వేసుకొనే చెక్క వేదిక అది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అమెరికా నగరాల శివార్లలో ఇళ్లు విస్తరించినప్పుడు దానికి ప్రాచుర్యం వచ్చింది. దానికి తెలుగు మాట కోసం రెండు రోజులు వెదికాను. అరుగు అందామంటే అది వీధి వైపున ఉండేది. మట్టితోనో రాతితోనో కట్టేది. మంచె అందామంటే పంటచేను గుర్తుకు వస్తుంది. చివరకు 'చెక్క తిన్నె' అని వ్రాసి తలెత్తి చూస్తే, ఎదురుగా గుమ్మంలో అత్తయ్యగారు నిలబడి ఉన్నారు. నాకు కావలసింది మాట మాత్రమే కాదని అప్పుడు తోచింది.

కలప మనది, నేల మనది

ఆ పుస్తకంలో చెప్పిన పైన్, సెడార్, రెడ్‌వుడ్ కలపలకు బదులు మా రాయపూర్‌లో సాల కలప ఉంది. గుగ్గిలం ఇచ్చే చెట్టు ఇదే. 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌కు ఇది రాష్ట్రవృక్షం. ఒకప్పుడు రైలు పట్టాల కింద లక్షలాదిగా పరచిన స్లీపర్లలో సాల చెక్కవి ఎన్నో. ఈ చెట్టు నూరేళ్లు నిలబడుతుందనీ, నూరేళ్లు పడి ఉంటుందనీ, ఆ తరువాత చివకడానికి మరో నూరేళ్లు పడుతుందనీ ఇక్కడివారు చెప్పుకుంటారు. ఏదో పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన దూలాలూ పలకలూ కలప అడితిలో దొరికాయి. కొత్తగా ఒక చెట్టు కూలవలసిన పని లేకుండా చేవగల కలప చేతికి వచ్చిందని సంతోషించాం.

నేల విషయంలోనూ పుస్తకం మాకు అక్కరకు రాలేదు. చలికాలంలో నేల గడ్డకట్టే లోతుకన్న దిగువకు పునాది తీయాలని అది చెబుతుంది. మాకు ఆ భయం లేదు. మా భయాలు వేరు. ఇక్కడ 'కన్హార్' అని పిలిచే నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు బీటలు వారుతుంది. దానిమీద నిలబెట్టినది ఏదైనా దానితోపాటు కదులుతుంది. రెండవ భయం చెదలు. కనుక గట్టి మొరం తగిలేవరకు సుమారు మూడడుగులు తవ్వి, తొమ్మిది కాంక్రీటు దిమ్మెలు పోశాం. అవి నేలకు అర అడుగు ఎత్తున నిలిచాయి. చెక్క ఎక్కడా మట్టిని తాకకూడదు. తాకిన చోటే కుళ్లూ, చెదలూ మొదలవుతాయి. దిమ్మెలమీద ఇనుప రేకులు, వాటిమీద మూడు దూలాలు, వాటికి అడ్డంగా 16 అంగుళాల ఎడంలో ఏడు వాసాలు అమర్చాం. రసమట్టం పెట్టి చూసుకున్నాం. ఇంటి గోడకు చెమ్మ పట్టకుండా గోడకూ తిన్నెకూ నడుమ ఒక అంగుళం ఖాళీ వదిలాం.

మే నెల ఎండ 44 డిగ్రీలు దాటిన రోజుల్లో, తెల్లవారుజామున లేచి మావారూ, నేనూ, సెలవులకు వచ్చిన మా అబ్బాయీ పలకలు బిగించాం. సాల చెక్క చాలా గట్టిది. ముందుగా బెజ్జం వేయనిదే మరమేకు దిగదు. బలవంతం చేస్తే చెక్క చీలుతుంది. ఎనిమిదడుగుల పొడవు, అయిదంగుళాల వెడల్పుగల 24 పలకలను, పుస్తకంలో ఉన్న ప్రకారం, ఒకదానికొకటి ఆనించి బిగించాం. సందు లేకపోతే వాకరుకు మేలని కూడా అనుకున్నాం. అత్తయ్యగారు మొదటిసారి నడిచి తులసిని తాకిన రోజున మేము ముగ్గురం మాట్లాడలేకపోయాం.

జూలైలో జరిగినది

వానలు పట్టిన మూడు వారాలకు తిన్నె మధ్యలో పొంగింది. మరమేకులు కొన్ని పైకి లేచాయి. ఒక పలక అంచు మరొకదానికన్న అర అంగుళం ఎత్తుకు వచ్చింది. ఒక ఉదయం అత్తయ్యగారి వాకరు కాలు ఆ అంచుకు తగిలింది. ఆమె తూలి, తలుపు రెక్క పట్టుకొని ఆగారు. పడలేదు. కాని ఆ క్షణం నుండి నాకు నిద్ర లేదు. ఆమె కోసమే కట్టినది ఆమెనే పడవేయబోయింది.

మా వీధి చివర విజయనగరం ప్రాంతం నుండి వచ్చి స్థిరపడిన ఒక వృద్ధ వడ్రంగి ఉన్నారు. రైల్వే కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఆయన వచ్చి వంగి చూసి నవ్వారు.

"చెట్టును కొట్టేశాక చెక్క చచ్చిపోయిందనుకున్నావేమో తల్లీ! దాని దాహం పోదు. ఎండల్లో ఎండుతుంది, వానల్లో తాగుతుంది. తాగినప్పుడు ఒళ్లు పెరుగుతుంది. పెరగడానికి చోటేదీ?"

"పుస్తకంలో ఆనించి బిగించమనే ఉంది, తాతగారూ."

"అయితే ఆ పుస్తకంవాళ్ల చెక్క తడిదై ఉంటుంది."

నేను లోపలికి వెళ్లి నా అనువాదం తిరగవేశాను. నిజమే. చెదలూ కుళ్లూ పట్టకుండా ఔషధ ద్రవం ఎక్కించిన పైన్ చెక్క తరచుగా తడి ఆరకముందే అక్కడి కొనుగోలుదారుకు చేరుతుంది. అది ఆరి కుదించుకుపోతుంది కనుక పలకలను ఆనించి వేస్తే సందులు వాటంతటవే ఏర్పడతాయి. ఆ వాక్యం నెల రోజుల ముందు నా చేత్తో వ్రాసినదే. మాటను తెలుగు చేశాను గాని, పనిని రాయపూర్‌కు తేలేదు. మా చెక్క ఏళ్లతరబడి ఇంటికప్పు కింద ఆరినది. పైగా నిప్పులు కురిసే మే నెలలో బిగించినది.

చెక్క పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగానే పెరుగుతుంది. అయిదంగుళాల పలక మే నుండి ఆగస్టుకు అంగుళంలో ఎనిమిదోవంతు పెరిగినా, 24 పలకలకు మూడంగుళాలవుతుంది. మూడంగుళాల చెక్కకు దారి లేకపోతే అది పైకి లేవక ఏం చేస్తుంది?

తాతగారు చెప్పిన సూత్రం చిన్నది. నిండు వానల్లో బిగిస్తే సన్నని మేకు మందం సందు చాలు; మండుటెండల్లో బిగిస్తే పావు అంగుళం వదలాలి. వాకరు కాలికి తొడిగిన రబ్బరు తొడుగు ఇంతకన్న ఎంతో వెడల్పైనది కనుక ఆ సందులో దిగదు. వాన నీరు మాత్రం జారిపోతుంది.

ఆశ్వయుజంలో, వానలు వెనుకబట్టాక, పలకలన్నీ ఊడదీశాం. ఒక లావుపాటి మేకును కొలతగా నడుమ నిలుపుతూ మళ్లీ బిగించాం. నీటిని ఎక్కువగా పీల్చేవి పలకల కొసలే కనుక వాటికి అవిసె నూనె రెండుసార్లు పట్టించాం. ఆ నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి పారవేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా పరచి ఆరనివ్వాలి. తిన్నె పక్కలను మూసివేయలేదు. నెలకొకసారి వంగి చూసి, దిమ్మెలమీద చెదల మట్టిదారులు కనబడితే తుడిచివేస్తాం.

సందులు వదలడంవల్ల ఒక పలక మిగిలిపోయింది. దానితో తాతగారు చిన్న పీట చేసి తులసి పక్కన పెట్టారు.

క్షీరాబ్ది ద్వాదశి సాయంత్రం అత్తయ్యగారు తానే నడిచి వెళ్లి, ఆ పీటమీద కూర్చుని, తులసి పక్కన ఉసిరికొమ్మ నాటి దీపం వెలిగించారు. నేను గుమ్మంలో నిలబడి చేతులు జోడించాను.