కొయ్యను చెక్కు యంత్రము

మన యిండ్లలోని ద్వారబంధములను, పెట్టెలను, పీటలను ఒకమాఱు పరికించి చూడుడు. కొన్నింటి అంచులు గుండ్రముగా నుండును. మఱికొన్నింటిపై సన్నని గాడులు తీయబడి యుండును. పూర్వము వడ్రంగి యీ పనిని ఉలితోను, చిత్రికతోను గంటల తరబడి చేసెడివాడు. నేడు అదే పనిని రౌటరు అను చిన్న విద్యుద్యంత్రము నిమిషములలో చేయుచున్నది. తీరిక వేళలందు కొయ్యపని చేసికొను అభిరుచి గలవారును దీనిని వాడుచున్నారు. కాని ఉలి మన చేతి బలముతో నడచును. మనము ఆపినంతనే ఆగును. రౌటరు అట్టిది కాదు. దాని స్వభావ మెఱుగక దానిని చేపట్టరాదు.

రౌటరులో నిలువుగా అమర్చిన మోటారు కలదు. దాని యిరుసు కొనయందు కోలెట్టు అను బిగింపు ఉండును. పదునైన బిట్టు యొక్క కాడను అందులో బిగింతురు. ఈ బిట్టు నిమిషమునకు సుమారు 10,000 మొదలు 25,000 సార్ల వఱకు తిరుగును. 12 మిల్లీమీటర్ల వ్యాసము గల బిట్టు నిమిషమునకు 24,000 సార్లు తిరిగినచో, దాని అంచు గంటకు 54 కిలోమీటర్ల వేగముతో పోవును. బిట్టు వ్యాసము 50 మిల్లీమీటర్లయినచో ఆ వేగము 226 కిలోమీటర్లగును! కావుననే పెద్ద బిట్టును బిగించినపుడు యంత్రవేగమును తగ్గింపవలెను.

మన మొక టేకుపీట అంచును గుండ్రముగా చేయదలచితి మనుకొందము. పెద్దల సమక్షముననే యీ పనికి పూనుకొనవలెను. ముందుగా పీటను బల్లకు క్లాంపులతో గట్టిగా బిగింపవలెను. ప్లగ్గు తీసివేసిన పిదపనే బిట్టును అమర్చవలెను. కాడ కొలత, కోలెట్టు కొలత సరిగా ఒకటై యుండవలెను. 6 మిల్లీమీటర్ల కాడను 6.35 మిల్లీమీటర్ల కోలెట్టులో బిగించినచో, అది నడుమ జాఱి వెలికి రావచ్చును. కాడను లోపలికి పోనిచ్చి, సుమారు రెండు మిల్లీమీటర్లు వెనుకకు లాగి, అటుపిమ్మట బిగించినచో పట్టు చక్కగా కుదురును.

కంటికి అద్దములు, చెవులకు మూతలు, ముక్కునకు దుమ్ము నాపు ముసుగు ధరింపవలెను. కొయ్యపొట్టు మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో ప్రకటించినది. వ్రేలాడు ఓణీలు, వదులైన చేతులు గల చొక్కాలు, విడిచిన జడలు యంత్రము దరికి రారాదు.

ఇక నడుపు దిశను గమనింపుడు. పైనుండి చూచినపుడు బిట్టు గడియారపు ముండ్ల వలె తిరుగును. పీట మన యెదుట నుండగా, మన వైపునున్న అంచు వెంట యంత్రమును ఎడమ నుండి కుడికి నడుపవలెను. అప్పుడు కొయ్య యంత్రమును ఎడమకు త్రోయుచుండును; మనము దానికి ఎదురుగా నడుపుటచే యంత్రము మన అదుపులో నుండును. కుడి నుండి ఎడమకు నడిపినచో బిట్టు చక్రము వలె కొయ్యను పట్టుకొని ముందుకు దుముకును. కొయ్యనారకు అడ్డముగా నున్న అంచులను మొదట చెక్కవలెను. వాని మూలలందు పెచ్చు లేచినను, పిదప నిలువు అంచులను చెక్కునపుడు అది పోవును.

లోతు కోతను ఒక్కమాఱే కోయరాదు. తొమ్మిది మిల్లీమీటర్ల గాడిని మూడేసి మిల్లీమీటర్ల చొప్పున మూడు మాఱులు తీయుట మేలు. యంత్రమును రెండు చేతులతో పట్టి, ఒకే తీరున నడుపవలెను. ఒకేచోట నిలిపినచో రాపిడివలన కొయ్య మాడి నల్లనగును. పని ముగిసి స్విచ్చి కట్టిన వెంటనే బిట్టు ఆగదు. అది పూర్తిగా నిలుచువఱకు యంత్రమును క్రింద పెట్టరాదు.

ఈ నియమములు పిఱికితనము నేర్పునవి కావు. ప్రతి నియమము వెనుక ఒక కారణము కలదు. కారణ మెఱిగినవాడు తొందరపడడు. చెడిన పీటను మరల చేసికొనవచ్చును. పోయిన వ్రేలిని ఏ వడ్రంగియు మరల చేసి యీయలేడు.