రెండు చిన్న సమూహముల పోలిక – యంత్రమునకు తెలియని సంగతి

ప్రయోగశాలలో కొలతలు తీసిన పిమ్మట విద్యార్థులు కంప్యూటరు ముందు కూర్చుండి, అంకెలను రెండు వరుసలుగా నింపి, వచ్చిన జవాబును రికార్డులో ఎక్కించుట మేము తరచుగా చూచుచున్నాము. ఆ జవాబు ఏ ప్రశ్నకు వచ్చినదని అడిగినచో చాలమందికి మౌనమే శరణ్యము. ఈ సంగతిని ఒక ప్రసిద్ధమైన ఉదాహరణముతో వివరింపదలచితిమి.

కష్నీ, పీబుల్స్ అను ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఒక మానసిక చికిత్సాలయములోని రోగులకు నిద్రమందులిచ్చి చేసిన పరిశీలనలను 1905లో ప్రకటించిరి. వానిలో పదిమంది రోగుల కొలతలను డబ్లిన్ నగరపు గిన్నిస్ బీరు కర్మాగార ఉద్యోగియైన విలియం గోసెట్, 'స్టూడెంట్' అను మారుపేరుతో 1908లో వ్రాసిన వ్యాసమున ఉపయోగించెను. స్వల్పసంఖ్యలోనున్న కొలతలకు పనికివచ్చు టీ-పరీక్షకు ఆ వ్యాసమే పునాది. ఆ అంకెలు నేటికిని 'ఆర్' అను ఉచిత సాఫ్ట్‌వేరులో 'స్లీప్' అను పేరుతో లభించుచున్నవి.

మొదటి మందు వలన నిద్ర సగటున 0.75 గంటలు, రెండవదాని వలన 2.33 గంటలు పెరిగినది. తేడా 1.58 గంటలు. ఇది మందు గుణమా, కేవలము యాదృచ్ఛికమా?

ఈ రెండు వరుసలను వేర్వేరు మనుష్యులవిగా భావించి పరీక్షించినచో పి-విలువ 0.079 వచ్చును. అనగా మందులలో నిజముగా భేదమే లేకున్నను, ఇంతటి తేడాగాని ఇంతకు మించినదిగాని నూటికి దాదాపు 8 పర్యాయములు కనిపింపవచ్చును. వాడుకలోనున్న 0.05 హద్దుకు ఇది లోబడలేదు గనుక "భేదము రుజువు కాలేదు" అని వ్రాసి ముగింతుము.

కాని ఆ రెండు వరుసలును అదే పదిమందివి! ఏడవ రోగికి 3.7, 5.5 గంటలు పెరుగగా, నాల్గవ రోగికి మొదటి మందుతో 1.2 గంటలు తగ్గి, రెండవదానితో 0.1 గంట మాత్రమే పెరిగినది. మనిషికి మనిషికి గల ఈ భేదము మందుల భేదమును కప్పివేసినది. ఎవరి కొలతలను వారితోనే పోల్చినచో తొమ్మిదిమందికి రెండవ మందే మేలు. ఒకరికి రెండును సమానము. ఈ జంట పరీక్షలో పి-విలువ 0.0028 మాత్రమే. అంకెలు మారలేదు, ప్రశ్న మారినది.

ఎక్సెల్‌లో టీ-పరీక్షకు చివర 1 అని వ్రాసినచో జంట పోలిక. 2 లేక 3 అని వ్రాసినచో వేర్వేరు సమూహముల పోలిక. 'ఆర్'లో మనము ప్రత్యేకముగా చెప్పనిచో అది రెండును వేరనియే భావించును. కొలతలెవరివో యంత్రమెరుగదు.

అట్లని తక్కువ పి-విలువ నిచ్చు పరీక్షను వెదకి ఎన్నుకొనుట శాస్త్రము కాదు. వేర్వేరు ఇరువదిమందిపై చేసిన ప్రయోగమును జంటగా చూపుట అసత్యమే యగును. దాని వలన గుణములేని మందు రోగి చేతికి చేరవచ్చును. జంటను విస్మరించినచో గుణమున్న మందు మూలబడవచ్చును. అంకెలను పటముగా గీసి చూచుటయు అవసరమే: తొమ్మిదవ రోగి ఒక్కనికే తేడా 4.6 గంటలు! పదిమందిలో అట్టి ఒక్కడు సగటును ఎంతయో లాగగలడు.

విద్యార్థి మిత్రులారా! ఏ పరీక్ష చేయవలెనో కొలతలు తీయకమునుపే రికార్డులో వ్రాసికొనుడు. లెక్క యంత్రము చేయును. నిజాయితీ మాత్రము మనదే కావలెను.