తండ్రి మాట తండ్రికే చేరినప్పుడు: 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవలలో బాల్యం, ఎదుగుదల

హార్పర్ లీ రాసిన ఈ నవల మీద వచ్చే జవాబు పత్రాల్లో ఎక్కువ భాగం ఒకే విధంగా సాగుతాయి. ఆటికస్ ఫించ్ ఆదర్శవంతుడైన న్యాయవాది, నల్లజాతి వ్యక్తి పక్షాన నిలిచాడు, ఓడిపోయాడు, వర్ణవివక్ష చెడ్డది. ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇంతే రాస్తే మీరు కోర్టు కేసు గురించి రాసినట్లవుతుంది గాని, నవల గురించి రాసినట్లు కాదు. ఈ కథ చెబుతున్నది ఆటికస్ కాదు, అతని కూతురు స్కౌట్. ఆ పిల్ల ఎలా ఎదిగిందన్నదే ఇక్కడ మన ప్రశ్న.

బాల్యం నుంచి పరిణతి వరకు సాగే నవలను విమర్శకులు జర్మన్ మాటతో 'బిల్డుంగ్స్‌రోమన్' అంటారు. సాధారణంగా ఇటువంటి నవలలో కథానాయకుడు ఇల్లు విడిచి వెళతాడు. డికెన్స్ రాసిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'లో పిప్ లండన్ చేరతాడు. స్కౌట్ ఎక్కడికీ వెళ్ళదు. వేసవి సెలవుల్లో ఆమె తిరగడానికి అనుమతి ఉన్న హద్దులు ఉత్తరాన రెండిళ్ళ అవతల మిసెస్ డ్యుబోస్ ఇల్లు, దక్షిణాన మూడిళ్ళ అవతల రాడ్లీల ఇల్లు. అలబామా రాష్ట్రంలోని మేకోంబ్ అనే కల్పిత పట్టణం, 1930ల ఆర్థికమాంద్యం నాటి కాలం. రచయిత్రి పుట్టి పెరిగిన మన్రోవిల్ పట్టణపు పోలికలు అందులో స్పష్టంగా ఉన్నాయి. ఆమె తండ్రి కూడా న్యాయవాదే. కథ మొదలయ్యేసరికి స్కౌట్‌కు ఆరేళ్ళు నిండలేదు, ముగిసేసరికి ఎనిమిదేళ్ళు. నవల 1960లో వెలువడి, 1961లో పులిట్జర్ బహుమతి పొందింది.

స్కౌట్‌కు రెండేళ్ళప్పుడే తల్లి గుండెజబ్బుతో మరణించింది. తల్లి లేని పిల్ల అనగానే మనం కన్నీటి ఘట్టాలకు సిద్ధపడతాం. లీ ఆ విషయాన్ని కొద్ది వాక్యాల్లో ముగించేస్తుంది. అన్న జెమ్‌కు అమ్మ గుర్తుంది, స్కౌట్‌కు గుర్తు లేదు, అంతే. పిల్లలిద్దరూ తండ్రిని 'ఆటికస్' అని పేరు పెట్టే పిలుస్తారు. తెలుగు చెవికి ఇది ఎబ్బెట్టుగా తోస్తుంది; అనువదించేవారికి 'నాన్నా' అని రాసేయాలని చెయ్యి లాగుతుంది. అలా రాస్తే పోయేది చిన్నది కాదు. తన అధికారాన్ని పిలుపులో కూడా వెతుక్కోని తండ్రి అతను. అయితే 'ఒంటరిగా పెంచాడు' అని మాత్రం రాయకండి. ఆ ఇంట్లో వంట, క్రమశిక్షణ, స్కౌట్‌కు అక్షరాలు దిద్దించడం, ఇవన్నీ కాల్పూర్నియా అనే నల్లజాతి స్త్రీ చేతుల మీదుగా జరిగాయి. ఆమె పిల్లలను తన చర్చికి తీసుకువెళ్ళినప్పుడు, అక్కడ ఆమె మాట్లాడే తీరే వేరుగా ఉండటం స్కౌట్ గమనిస్తుంది. మన ఇంట్లో పనిచేసే మనిషికి మనకు తెలియని మరో జీవితం ఉంటుందన్న ఎరుక ఆ పిల్లకు అక్కడే మొదలవుతుంది.

ఇక కథనం సంగతి. ఇది ఉత్తమ పురుషలో సాగుతుంది, కానీ 'నేను' అనే మాట వెనుక ఇద్దరున్నారు. సంఘటనలో ఉన్నది చిన్న స్కౌట్. దాన్ని తలచుకుని చెబుతున్నది పెద్దయిన జీన్ లూయిస్. తొమ్మిదో అధ్యాయం చివర చూడండి. టామ్ రాబిన్సన్ కేసు గెలవదని, అయినా వదలలేనని ఆటికస్ తన తమ్ముడు జాక్‌తో రాత్రివేళ చెబుతుంటాడు. స్కౌట్ చాటుగా వింటుంది. ఉన్నట్టుండి అతను ఆమెను పేరుపెట్టి పిలిచి, వెళ్ళి పడుకోమంటాడు. తాను వినాలనే తండ్రి ఆ మాటలన్నీ మాట్లాడాడని ఆమెకు ఎన్నో ఏళ్ళ తర్వాత గాని అర్థం కాలేదు. ఆ ఒక్క వాక్యంలో రెండు గొంతులూ కలిసి వినిపిస్తాయి. ఈ తండ్రి పాఠాలు చాలావరకు ఇలా చెవిన పడినవే. మాకింగ్‌బర్డ్‌ను కాల్చడం పాపమన్న మాట కూడా అతను చెప్పింది జెమ్‌కు. పాటలు పాడటం తప్ప ఎవరికీ ఏ హానీ చేయని పిట్ట కాబట్టి అని వివరించింది పొరుగింటి మిస్ మాడీ.

విచారణ ఘట్టం మీకు తెలిసిందే. మయెల్లాకు దెబ్బలు ముఖానికి కుడివైపున తగిలాయి. టామ్ ఎడమచేయి చిన్నప్పుడే యంత్రంలో పడి పనికిరాకుండా పోయింది. ఇంత తేటతెల్లమైన సాక్ష్యం ఉన్నా, శ్వేతజాతి పురుషులే ఉన్న జ్యూరీ అతన్ని దోషిగా నిర్ణయిస్తుంది. జెమ్ కుమిలిపోతాడు. తండ్రికి ఓటమి ముందే తెలుసన్నది గుర్తు పెట్టుకుంటే, ఇది తండ్రి వీరత్వం నిరూపించే ఘట్టంగా కాక, తండ్రి సత్యం చెప్పినా లోకం మారదని పిల్లలు చూసే ఘట్టంగా కనిపిస్తుంది.

అసలు మలుపు ముప్పయ్యో అధ్యాయంలో, ఇంటి వరండాలో ఉంది. పిల్లల మీద దాడి చేసిన బాబ్ యూవెల్ చనిపోయాడు. చంపింది జెమ్ అనుకున్న ఆటికస్, విషయం కప్పిపుచ్చడానికి ససేమిరా ఒప్పుకోడు. అలా చేస్తే కొడుకు ముఖం చూడలేనంటాడు. షెరీఫ్ టేట్ మాత్రం యూవెల్ తన కత్తి మీద తానే పడ్డాడని పట్టుబడతాడు. అతను కాపాడాలనుకున్నది జెమ్‌ను కాదు, పిల్లలను రక్షించిన బూ రాడ్లీని. ఏళ్ళ తరబడి గడప దాటని ఆ మనిషిని ఊరందరి ముందుకు లాగడం అన్యాయమని అతని వాదన. ఆటికస్ చాలాసేపు నేల చూపులు చూస్తూ కూర్చుంటాడు. తర్వాత కూతురిని అడుగుతాడు, దీన్ని నువ్వు అర్థం చేసుకోగలవా అని. బూను బయటపెట్టడం మాకింగ్‌బర్డ్‌ను కాల్చడం లాంటిదే కదా అంటుంది స్కౌట్.

ఎప్పుడో జెమ్‌కు చెప్పగా తాను విన్న మాటను, తండ్రికి అవసరమైన క్షణంలో ఆ పిల్ల తిరిగి అతనికే అందించింది. నా దృష్టిలో ఆమె ఎదిగింది ఇక్కడ. పైగా అది సుఖమైన ఎదుగుదల కాదు. జీవితమంతా చట్టాన్ని, నిజాన్ని నమ్ముకున్న మనిషి ఒక అబద్ధానికి తలవంచుతున్నాడు. ఆ భారం మోయడానికి ఎనిమిదేళ్ళ కూతురు భుజం పట్టింది. టామ్ విషయంలో నిజం చెప్పినా న్యాయం దక్కలేదు, బూ విషయంలో నిజం దాచితే గాని న్యాయం జరగదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఆటికస్‌ను ఆదర్శమూర్తి అని తేల్చేయడం తొందరపాటు.

నవలకు పరిమితులూ ఉన్నాయి. టామ్ తన గొంతుతో నిండుగా మాట్లాడేది సాక్షిగా నిలబడినప్పుడే. జైలు నుంచి పారిపోబోతుండగా కాల్చి చంపారన్న వార్త మనకు ఇతరుల నోట అందుతుంది. అతని భార్య హెలెన్ దుఃఖం దూరం నుంచి కనిపిస్తుందే తప్ప లోపలినుంచి కాదు. చెబుతున్నది శ్వేతజాతి బాలిక కనుక అన్న సమాధానం కొంతవరకే సరిపోతుంది. 2015లో వెలువడిన 'గో సెట్ ఎ వాచ్‌మన్' ఈ నవలకన్నా ముందు రాసింది. అందులో 26 ఏళ్ళ జీన్ లూయిస్, తన తండ్రి వర్ణవివక్షను సమర్థించే సభలో కూర్చుని ఉండటం చూసి నిలువునా కూలిపోతుంది. చాలామంది పాఠకులు ఆ పుస్తకాన్ని క్షమించలేకపోయారు. మీరు దాన్ని తప్పక చదవాలని నేననను గాని, తండ్రిని బొమ్మగా కాక మనిషిగా చూడవలసిన అవసరం లీకి మొదటినుంచీ ఉందని అది చెబుతుంది.

యూనిట్ చివరి ప్రశ్నలకు వెళ్ళేముందు తొమ్మిది, పది, ముప్పై అధ్యాయాలను వరుసగా మళ్ళీ చదవండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఆ మాట ఎవరు వింటున్నారు అన్నది పెన్సిల్‌తో అంచున గుర్తు పెట్టుకోండి. తర్వాతే 'స్కౌట్ పాత్ర చిత్రణ' అన్న ప్రశ్నకు జవాబు రాయడం మొదలుపెట్టండి.