కుక్కకు జ్వరమొస్తే మన మాత్ర వేయవచ్చునా?

నేను మనుషుల డాక్టరును. పశువైద్యం నా చదువులో లేదు. అయినా ఈ వారం కుక్కల గురించీ, పిల్లుల గురించీ రాయవలసి వచ్చింది. కారణం చెబుతాను.

జనగామలో మా వీధిలో ఉండే ఒక రిటైర్డు మాష్టారు ఒకనాటి సాయంత్రం తమ కుక్కను చేతులమీద మోసుకుని మా ఇంటికి వచ్చారు. "వారం రోజులనుంచి ముద్ద ముట్టడం లేదు డాక్టరు గారూ. ఒళ్లు కాలిపోతోంది. మోకాళ్ల నొప్పులకు మీరు నాకు రాసిచ్చిన మాత్రే మూడు రోజులు సగం సగం వేశాను. ఇవాళ ముక్కులోంచి నెత్తురు వస్తోంది" అన్నారు. విరేచనం తారులాగా నల్లగా ఉందట! అంటే కడుపులో కూడా రక్తం కారుతున్నదన్నమాట. నేను రాసిన చీటీయే ఆ మూగజీవి ప్రాణంమీదికి వచ్చింది.

మాత్ర ఆపమని చెప్పి, అప్పటికప్పుడు పశువుల డాక్టరుకు ఫోను చేయించాను. ఆయన వచ్చి చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెదికి గోమార్లు చూపించారు. రక్తపరీక్షలకు వరంగల్ పంపారు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని తేలింది. జబ్బు పేరు ఎర్లీకియోసిస్. మామూలు మాటలో గోమార్ల జ్వరం.

ఈ జబ్బును 1935లో అల్జీరియాలో మొదట గుర్తించారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యపు కుక్కలు దీనివల్ల ఎన్నో చనిపోయాయి. దీనికి వాడే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలు నడిపించిన లెడర్లే ప్రయోగశాలలో బయటపడింది. అయితే మందు ఉన్నంత మాత్రాన సరిపోదు. జబ్బు ఏదో ముందు తెలియాలి.

ముద్ద ముట్టకపోవడం, నీరసం, జ్వరం అనేవి ఎన్నో జబ్బులకు ఉమ్మడి లక్షణాలు. నీళ్లు విపరీతంగా తాగి మాటిమాటికీ మూత్రం పోస్తుంటే మధుమేహం కావచ్చు, మూత్రపిండాల జబ్బు కావచ్చు. ఎదకు వచ్చిన కొన్ని వారాలకు ఆడకుక్క అలా చేస్తే గర్భాశయంలో చీము చేరిందేమో చూడాలి. రాత్రిళ్లు దగ్గు, పొట్ట ఉబ్బు ఉంటే గుండెను పరీక్షించాలి. కళ్లు పచ్చబడితే కాలేయం సంగతి చూడాలి. ఎలుకల మూత్రం ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ కూడా కావచ్చు. అది కుక్కనుంచి మనకూ అంటుతుంది గనుక మూత్రాన్ని చేతులతో ముట్టరాదు. మూత్రపిండాలు మూడు వంతులు దెబ్బతిన్నాక గాని రక్తంలో క్రియాటినిన్ పెరగదు. అందుచేత "చూద్దాం లే" అని పక్షం రోజులు ఆగడం మంచిది కాదు.

మన మాత్రలు మాత్రం వద్దు. ఐబూప్రొఫేన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పిల్లికి ఒక్క పారాసిటమాల్ బిళ్ల చాలు, ప్రాణం తీయడానికి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వల్ల రాబందులు అంతరించిపోతుంటే 2006లో ప్రభుత్వం పశువైద్యంలో దానిని నిషేధించింది. ఇంకొక మాట: కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల దాకా ఉంటుంది. చేయి పెట్టి చూసి జ్వరమనుకోకండి.

మరి ఎక్కడికి వెళ్లాలి? మనుషులకైతే మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మూగజీవాలకు మొదటి మెట్టు మీ ఊరి పశువుల దవాఖానాయే. అక్కడ తేలని జబ్బయితే ఈ మూడు ఊళ్లవారికీ దగ్గరిది వరంగల్ మామునూరులోని పశువైద్య కళాశాల. ఆ పైన హైదరాబాద్ రాజేంద్రనగర్ కళాశాల. మనకు ఫిజీషియన్ ఎలాగో, పశువైద్యంలో మెడిసిన్‌లో ఎం.వి.ఎస్‌సి. చేసినవారు అలాగ. జనగామ, మహబూబాబాద్ వారికి రైలుంది. భూపాలపల్లి వారు రోడ్డున వెళ్లవలసిందే. కాబట్టి ఏ పరీక్షలు ఏ రోజు చేస్తారో ముందే ఫోనులో కనుక్కుని బయలుదేరండి.

వెళ్లేటప్పుడు ఒక కాగితంమీద రాసుకోండి: ఎన్నాళ్లనుంచి తినడం లేదు, ఎన్ని నీళ్లు తాగుతోంది, మూత్రం, విరేచనం ఏ రంగు, ఏ టీకాలు ఎప్పుడు వేయించారు. ఇంట్లో వేసిన మాత్రల అట్ట కూడా దాచకుండా చూపించండి. కుక్క మింగలేక చొంగ కారుస్తూ, ప్రవర్తన మారి ఉంటే నోట్లో చేయి పెట్టకండి. అది రేబీస్ కావచ్చు.

మాష్టారి కుక్కకు నాలుగు వారాలు మందు వాడారు. ఇప్పుడది పొద్దున్నే వారితో షికారుకు వస్తోంది. వచ్చి కూర్చోగానే మాష్టారు దాని చెవులు వెనక్కి మడిచి గోమార్లు వెదుకుతారు. మోకాళ్ల మాత్రలు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశారట!