కలవని ద్రవాలు: శామీర్‌పేట గ్రానైట్‌లో నల్లమచ్చల సంగతి

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్లేటప్పుడు కనిపించే బూడిద, గులాబీ రంగు గ్రానైట్ గుట్టలు మీకు పరిచయమే. వీటి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. క్వారీలో కొత్తగా కోసిన రాతిముఖాన్ని చూస్తే అక్కడక్కడ పిడికిలంత, గుమ్మడికాయంత నల్లని ముద్దలు ఉంటాయి. వీటిని ఎన్‌క్లేవ్‌లు అంటారు. "నీళ్లలో నూనె చుక్కల్లాగా శిలాద్రవం రెండుగా విడిపోయింది కదా సార్?" అని క్షేత్రపర్యటనలో ప్రతి బృందంలోనూ ఒకరైనా అడిగేవారు. మంచి ప్రశ్నే. కానీ ఆకారం చూసి జవాబు చెప్పకూడదు.

ముందుగా విడిపోవడం అంటే ఏమిటో చూద్దాం. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఫినాల్, నీళ్లు కలిపి వేడిచేసి ఉంటారు. సుమారు 66 డిగ్రీల సెల్సియస్ దాటితే రెండూ ఏ పాళ్లలోనైనా ఒకే ద్రవంగా ఉంటాయి. చల్లారితే మసకబారి రెండు పొరలవుతాయి. శిలాద్రవంలోనూ ఇలా జరగవచ్చు. సిలికా అణువులు ఆక్సిజన్ ద్వారా ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. ఇనుము, టైటానియం, ఫాస్ఫరస్ ఆ వలలో సరిగా ఇమడవు. ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ ఒకే ద్రవంగా ఉండటం కష్టమై, సిలికా ఎక్కువున్న ద్రవం ఒకటి, ఇనుము ఎక్కువున్న ద్రవం ఒకటి ఏర్పడతాయి. మొదటిది గడ్డకడితే గ్రానైట్‌ను పోలిన కూర్పు, రెండవది గడ్డకడితే ఇనుప ఖనిజాలతో నిండిన బరువైన శిల వస్తాయి. గంధకం విషయంలో ఇది ఇంకా తేలిక. సల్ఫైడ్ ద్రవం సిలికేట్ ద్రవం నుంచి చుక్కలుగా విడిపోయి అడుగుకు చేరుతుంది. కెనడాలోని సడ్‌బరీ నికెల్ నిక్షేపాలు అలా ఏర్పడినవే.

సిలికేట్ల విషయంలో మాత్రం చాలాకాలం ఎవరూ ఒప్పుకోలేదు. గ్రీగ్ 1927లో చేసిన ప్రయోగాల్లో ద్రవాలు విడిపోయాయి గాని, ఆ ఉష్ణోగ్రతలు ప్రకృతిలోని శిలాద్రవాలకు మించినవి. మరుసటి ఏడాది బోవెన్ తన గ్రంథంలో ఈ భావనను తోసిపుచ్చి, శిలల వైవిధ్యానికి అంశిక స్ఫటికీకరణమే ప్రధాన కారణమన్నాడు. తక్కువ ఉష్ణోగ్రతలోనూ విడిపోవడం సాధ్యమని రోడర్ 1951లో చూపించాడు. అపోలో 11 తెచ్చిన చంద్రశిలల్లో, స్ఫటికాల మధ్య మిగిలిన చివరి ద్రవం రెండు రకాల గాజుగా గడ్డకట్టి కనిపించాక వాదన మలుపు తిరిగింది.

మన దగ్గర దీనికి తగిన శిల గ్రానైట్ కాదు, బసాల్ట్. వికారాబాద్ వైపు వెళ్తే దక్కన్ లావా పొరల అంచు తగులుతుంది. వాటి వయస్సు దాదాపు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలు. దక్కన్ బసాల్ట్‌లలో ఇలాంటి జంట ద్రవాల ఆనవాళ్లను 1974లో ఎ. దే వివరించారు. లావాలో చాలాభాగం స్ఫటికాలయ్యాక, సుమారు 1,000 డిగ్రీల దగ్గర మిగిలిన కొద్దిపాటి ద్రవంలోనే ఇది జరుగుతుంది. ఆ చుక్కలు సూక్ష్మదర్శినికి తప్ప కంటికి ఆనవు. అంత చిన్న చుక్కలు చిక్కని ద్రవంలో ఒకచోట చేరి గుట్టంత శిలగా మారగలవా అన్నదానిపై నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇక శామీర్‌పేట ముద్దల దగ్గరకు వద్దాం. విడిపోయిన రెండు ద్రవాలు ఒకే ఉష్ణోగ్రతలో ఉంటాయి కాబట్టి ఒకటి రెండవదాన్ని చల్లబరచదు. ముద్ద అంచున రేణువులు లోపలికన్నా సన్నగా ఉంటే, వేడి శిలాద్రవం తనకన్నా చల్లని శిలాద్రవంలోకి చొరబడిందని అర్థం. అలాగే, కలవకుండా సమతుల్యంలో ఉన్న రెండు ద్రవాల నుంచి ఒకే కూర్పుగల ప్లేజియోక్లేజ్ రావాలి. రెండింటిలో కూర్పులు వేరైతే అవి జంట ద్రవాలు కావు. గ్రానైట్‌లోని పెద్ద ఫెల్‌స్పార్ ముద్దలోకి చొచ్చుకొచ్చి కనిపిస్తే, రెండు శిలాద్రవాలు కలగలిశాయనే చెప్పాలి. ముద్ద కోణాలు తేలి, లోపల పొరలుంటే అది ద్రవమే కాదు, పాత శిల ముక్క.

క్వారీకి వెళ్లేముందు అనుమతి తీసుకోండి, పేలుళ్ల వేళలు అడగండి. ముద్దను మధ్యలో పగలగొట్టకండి. అంచు, పక్కనున్న గ్రానైట్ రెండూ ఉండేలా నమూనా తీయండి.